వివరణ ఎక్కువ, విశ్లేషణ తక్కువ

బీటెక్‌లోనో డిగ్రీలోనో 80 శాతానికి తగ్గకుండా మార్కులు తెచ్చుకుని మాస్టర్స్ కోసం బ్రిటన్ వెళ్లిన విద్యార్థికి, మొదటి సెమిస్టర్ అసైన్‌మెంట్ దిద్ది తిరిగి ఇచ్చిన రోజు రెండు దెబ్బలు తగులుతాయి. ఒకటి మార్కు. 52 అనో 55 అనో ఉంటుంది. రెండోది దాని కింద లెక్చరర్ రాసిన వ్యాఖ్య. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారం ఒకటే: వివరణ ఎక్కువైంది, విశ్లేషణ తక్కువైంది.

మార్కు సంగతి తేలిగ్గానే తేలిపోతుంది. అక్కడ మాస్టర్స్‌లో పాస్ మార్కు సాధారణంగా 50. 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. 80 పైన పడటం అరుదు. మన దగ్గర 95 వచ్చినవాడు కూడా మిగతా అయిదూ ఎక్కడ పోయాయని వెతుక్కుంటాడు. అక్కడ 72 వచ్చిన పేపర్‌ని నలుగురికీ చూపించుకోవచ్చు. స్కేలే వేరు కాబట్టి 55 చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు.

వ్యాఖ్యని మాత్రం అంత తేలిగ్గా వదిలేయకూడదు. ఇంగ్లిష్ సరిగ్గా రాకపోవడం వల్లే ఇలా జరిగిందని చాలామంది అనుకుంటారు. తర్వాతి అసైన్‌మెంట్‌కి గ్రామర్ దిద్దే సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటారు. ఆ వ్యాసం కూడా అదే వ్యాఖ్యతో తిరిగొస్తుంది. లోపం భాషలో ఉంటే కదా సాఫ్ట్‌వేర్ దిద్దడానికి! వాళ్లు టాపిక్ మీద రాశారు, ప్రశ్నకి జవాబు రాయలేదు.

ఈ అలవాటు ఎక్కడిదో చెప్పడం కష్టమేమీ కాదు. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ పేపర్ చాలా ఏళ్లు ఒకే అచ్చులో నడిచింది: అతి స్వల్ప సమాధాన ప్రశ్నలకి రెండేసి మార్కులు, స్వల్ప సమాధాన ప్రశ్నలకి నాలుగేసి, దీర్ఘ సమాధాన ప్రశ్నలకి ఎనిమిదేసి. ఎన్ని పాయింట్లు తెలుసో అన్ని మార్కులు. దిద్దేవాళ్ల చేతిలో వాల్యుయేషన్ స్కీమ్ ఉంటుంది. అందులోని పాయింట్ జవాబులో కనబడితే మార్కు పడుతుంది. లక్షల పేపర్లు కొద్ది వారాల్లో దిద్దాలంటే ఇంకో దారి కూడా లేదు. ఆ పద్ధతిలో తెలివైన విద్యార్థి చేసే పని, తెలిసినదంతా పేపర్ మీద పెట్టేసి, సైడ్ హెడింగులు రాసి, కింద గీతలు గీసి, అడిషనల్ షీటు అడగడం. ఎక్కడో ఒకచోట స్కీమ్‌లోని పాయింట్ తగలకపోదు.

ఇక్కడ ఆవు వ్యాసం కథ గుర్తుకు రాక మానదు. ఆవు మీద వ్యాసం బట్టీపట్టి వెళ్లిన పిల్లాడికి పరీక్షలో కొబ్బరిచెట్టు గురించి రాయమని వచ్చింది. చెట్టు మీద రెండు ముక్కలు రాసి, ఆ చెట్టుకి ఒక ఆవుని కట్టేసి, అక్కడి నుంచి ఆవు వ్యాసం అందుకున్నాడు. ఈ కథ చెప్పి నవ్వేవాళ్లు గమనించని సంగతి ఒకటుంది. పిల్లాడు రాసిన ప్రతి వాక్యమూ నిజమే. ఆవు పాలిస్తుంది, గడ్డి మేస్తుంది, దానికి రెండు కొమ్ములుంటాయి. వాక్యం వాక్యంగా చూస్తే పట్టుకోవడానికి తప్పు దొరకదు. 52 వచ్చిన అసైన్‌మెంట్ కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. అందుకే రాసినవాళ్లకి ఎక్కడ దెబ్బతిన్నారో అర్థం కాదు.

ముందు క్రియ చూడాలి

అసైన్‌మెంట్ బ్రీఫ్ (ప్రశ్న, దాని నియమాలు ఉండే కాగితం) చేతికి రాగానే కన్ను టాపిక్ మీదకి పోతుంది. 'మైక్రోఫైనాన్స్' (పేదలకి చిన్న చిన్న అప్పులిచ్చే పద్ధతి) అనే మాట కనబడగానే గూగుల్‌లో అదే కొడతారు. కానీ ప్రశ్నని నడిపేది నామవాచకం కాదు, క్రియ. వివరించండి, పోల్చండి, చర్చించండి, విశ్లేషించండి, మూల్యాంకనం చేయండి, ఎంతవరకు నిజం? వీటిలో ఏది ఉందన్న దాన్ని బట్టి రాయాల్సిన వ్యాసమే మారిపోతుంది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో సివిల్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లకి ఇది కొత్త విషయం కాదు. మెయిన్స్ ప్రశ్నల్లోని ఈ మాటలని డైరెక్టివ్ వర్డ్స్ అంటూ కోచింగ్‌లో విడిగా చెబుతారు. విదేశాల్లో మాస్టర్స్ చదవబోయేవాళ్లకి మాత్రం వీసా ఇంటర్వ్యూ గురించి చెప్పేవాళ్లే గానీ ఈ సంగతి చెప్పేవాళ్లు కనబడరు.

ఈ క్రియల వెనుక ఒక వరస ఉంది. 1956లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు చదువు లక్ష్యాలని మెట్లుగా అమర్చారు. 2001లో ఆ మెట్లని సవరించారు. గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృష్టించడం అనేది సవరించిన వరస. బ్రీఫ్ పైభాగంలో 'లెర్నింగ్ అవుట్‌కమ్స్' పేరుతో కనబడే నాలుగైదు వాక్యాలు చాలావరకు ఈ మెట్ల భాషలోనే ఉంటాయి. మాస్టర్స్ అసైన్‌మెంట్లు ఎక్కువగా పై మెట్ల మీద నిలబడతాయి. కింది మెట్ల మీద ఎంత పొడుగ్గా రాసినా పైకి ఎక్కినట్టు కాదు.

ఈ ప్రశ్నల్లో తరచూ వచ్చే 'క్రిటికల్లీ' అన్న మాట దగ్గర మనవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. దాన్ని 'విమర్శనాత్మకంగా' అని తెలుగులోకి మార్చుకోగానే తిట్టమన్నారేమో అనిపిస్తుంది, ఎందుకంటే మన వార్తల్లో ప్రతిపక్షం ప్రభుత్వాన్ని 'విమర్శిస్తుంది'. దాంతో సగం వ్యాసం ప్రయోజనాలు, సగం వ్యాసం నష్టాలు రాసేసి విమర్శ అయిపోయిందనుకుంటారు. నిజానికి విమర్శ అంటే లోతుగా పరిశీలించడం, ఆలోచించి తూచడం. సాహిత్య విమర్శ అన్నప్పుడు ఆ అర్థమే ఇప్పటికీ నిలిచి ఉంది. మంచి విమర్శకుడు ఒక కథని మెచ్చుకోవచ్చు కూడా. కానీ దేన్ని బట్టి మెచ్చుకున్నాడో చెప్పాలి. అసైన్‌మెంట్ అడిగేదీ అదే: నీ కొలబద్ద ఏమిటి, ఆ కొలబద్దతో కొలిస్తే ఏం తేలింది?

ఒక ప్రశ్న, రెండు వ్యాసాలు

ఇలాంటి ప్రశ్న వచ్చిందనుకుందాం: 'పేదరికం తగ్గించడంలో మైక్రోఫైనాన్స్ ఎంతవరకు సఫలమైంది? ఒక దేశాన్ని ఉదాహరణగా తీసుకుని విమర్శనాత్మకంగా మూల్యాంకనం చేయండి. 2,500 పదాలు.' డెవలప్‌మెంట్ స్టడీస్‌లోనూ ఫైనాన్స్‌లోనూ ఇలాంటివి మామూలే. తెలుగు విద్యార్థికి ఇది ఇంటి విషయం కూడా.

మామూలుగా వచ్చే వ్యాసం ఇలా నడుస్తుంది. మైక్రోఫైనాన్స్ నిర్వచనం. బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనుస్, 1983లో గ్రామీణ్ బ్యాంక్, 2006లో నోబెల్ శాంతి బహుమతి. ఇండియాకి వచ్చి 1992లో నాబార్డ్ మొదలుపెట్టిన స్వయం సహాయక బృందాలు, బ్యాంకుల అనుసంధానం. ప్రయోజనాలు ఆరు. నష్టాలు అయిదు. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన మైక్రోఫైనాన్స్ అప్పుల సంక్షోభం మీద ఒక పేరా. చివర్లో 'కాబట్టి ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి'. అన్నీ నిజాలే. ఆవుకి రెండు కొమ్ములు.

ప్రశ్న అడిగింది 'ఎంతవరకు' అని. ఎంతవరకు అన్నప్పుడు కొలత కావాలి. పేదరికం తగ్గడం అంటే ఆదాయం పెరగడమా, ఇంటి ఖర్చు పెరగడమా, జబ్బు చేసినప్పుడు వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లాల్సిన అవసరం తప్పడమా? వీటిలో ఏది ఎంచుకున్నారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. ఈ ఎంపిక మొదటి పేజీలోనే జరిగిపోవాలి. ఎందుకు ఎంచుకున్నారో కూడా అక్కడే చెప్పాలి.

ఆ తర్వాత సాక్ష్యం. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు కలిసి మన హైదరాబాద్‌లోనే చేసిన అధ్యయనం ఉంది. 104 బస్తీలని తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం బస్తీల్లో ముందుగా మైక్రోఫైనాన్స్ బ్రాంచీలు తెరిపించి, పదిహేను, పద్దెనిమిది నెలల తర్వాత రెండు రకాల బస్తీలనీ పోల్చి చూశారు. పూర్తి ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. సగటున ఇంటి ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మన్నికగా ఉండే వస్తువుల మీద పెట్టే ఖర్చు మాత్రం పెరిగింది, పొగాకు లాంటి సరదా ఖర్చులు తగ్గాయి. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి పెంచారు. ఆరోగ్యం, పిల్లల చదువు, ఇంట్లో ఆడవాళ్ల మాటకి విలువ లాంటి వాటిలో స్పష్టమైన మార్పు కనబడలేదు. కొలబద్ద ఇంటి ఖర్చు అయితే మైక్రోఫైనాన్స్ పెద్దగా ఏమీ చేయలేదు. కొలబద్ద 'డబ్బుని తనకి కావలసిన పద్ధతిలో వాడుకునే వెసులుబాటు' అయితే ఎంతో కొంత చేసింది. ఈ తేడాని పట్టుకున్న వ్యాసం ఇక చరిత్ర చెప్పుకుంటూ కూర్చోదు. దానికంటూ ఒక వాదన దొరికింది.

వాదన అంటే ఏదో పెద్ద సిద్ధాంతం కానక్కర్లేదు. 'భారతదేశంలో మైక్రోఫైనాన్స్ పేద కుటుంబాలకి ఖర్చుల ఒడిదుడుకులని సర్దుకోవడంలో తోడ్పడింది. ఆదాయం పెంచిందనడానికి మాత్రం ఆధారాలు బలహీనం. ఒకే ఇంటికి పలు సంస్థలు అప్పులిచ్చిన చోట ఆ కాస్త మేలు కూడా నిలవలేదు.' ఈ మాత్రం చాలు. పరిచయంలో ఇది ఉంటే మిగతా వ్యాసంలో ఏది ఉండాలో, ఏది అక్కర్లేదో దానంతట అదే తెలిసిపోతుంది. యూనుస్ గారి నోబెల్‌కి ఇక చోటు లేదు. ఉన్నా అర వాక్యం.

వివరణకీ విశ్లేషణకీ తేడా పేరా స్థాయిలో ఇంకా బాగా కనబడుతుంది. '2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది, ఆ తర్వాత వసూళ్లు పడిపోయాయి, 2011 జనవరిలో ఈ సంస్థల మీద రిజర్వ్ బ్యాంక్ వేసిన మాలెగాం కమిటీ నివేదిక ఇచ్చింది' అని రాస్తే అది వివరణ. పత్రికలో వార్త చదివినట్టే ఉంటుంది. దాన్నే ఇలా రాశారనుకోండి: 'అప్పులు తిరిగి కట్టే శాతం బాగుందన్నదాన్ని చాలాకాలం విజయానికి గుర్తుగా చూపించారు. కానీ ఒక సంస్థ అప్పు తీర్చడానికి ఇంకో సంస్థ దగ్గర తెచ్చుకున్నా ఆ శాతం బాగానే కనబడుతుంది. ఒకే మనిషికి రెండుకు మించి సంస్థలు అప్పు ఇవ్వకూడదని మాలెగాం కమిటీ చెప్పడం వెనుక ఉన్నది ఈ భయమే. కాబట్టి తిరిగి కట్టే శాతాన్ని పేదరికం తగ్గిందనడానికి సాక్ష్యంగా తీసుకోలేం.' వాడుకున్న సమాచారం దాదాపు అదే. ఇక్కడ మాత్రం ప్రతి వాక్యం ముందు వాక్యం నుంచి ఏదో ఒకటి రాబడుతోంది. వసూళ్లు పడిపోవడానికి ఆర్డినెన్సే కారణమనీ, అప్పుల భారం కారణం కాదనీ వాదించేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట రెండు వాక్యాల్లో చెప్పి, అది ఎంతవరకు నిలుస్తుందో తేల్చగలిగితే 60ల్లోంచి 70ల్లోకి దారి అక్కడే ఉంది.

ఒక చిన్న పరీక్ష ఉంది. పేరా రాశాక చివర 'అయితే ఏంటట?' అని అడిగి చూడాలి. జవాబు ఆ పేరాలో ఉంటే సరే. లేకపోతే ఇంకో వాక్యం రాయాలి, లేదా పేరా కొట్టేయాలి.

పదాల లెక్క

2,500 పదాలంటే భయపడేవాళ్లు ఒకసారి లెక్క వేసుకుంటే భయం రెండో వైపు తిరుగుతుంది. పరిచయానికి, ముగింపుకి కలిపి 450 పోతే మిగిలేది రెండు వేల చిల్లర. ఒక వాదనని సాక్ష్యంతో, ఎదురు వాదనతో సహా నిలబెట్టాలంటే 450, 500 పదాలు పడతాయి. అంటే ఉన్నది నాలుగు వాదనలకి చోటు. నిర్వచనాలకీ చరిత్రకీ 900 పదాలు పోసేస్తే ఆ నాలుగులో రెండు పోయినట్టే. ప్రయోజనాలు ఆరు, నష్టాలు అయిదు అన్న పద్ధతి ఇక్కడే మునుగుతుంది. పదకొండు పాయింట్లకి తలా 180 పదాలు పంచితే ఏ ఒక్కటీ లోతుకి వెళ్లదు.

చాలా చోట్ల పరిమితికి అటూ ఇటూ పది శాతం వరకు ఊరుకుంటారు, అంటే 2,250 నుంచి 2,750 దాకా. కొన్ని డిపార్ట్‌మెంట్లు ఒక్క పదం దాటినా ఒప్పుకోవు. వ్యాసం లోపల ఇచ్చే సైటేషన్లు (మూలాల ప్రస్తావనలు) లెక్కలోకి వస్తాయా, పట్టికల సంగతేమిటి అన్నవి మాడ్యూల్ (కోర్సులోని ఒక్కో సబ్జెక్టు) హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి. ఒకసారి చూసుకుంటే అయిపోయే పని.

టైమ్ లెక్క మాత్రం ఎవరూ చూడరు. బ్రిటన్‌లో మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు, ఒక క్రెడిట్‌కి పది గంటల చదువు అని లెక్క. 20 క్రెడిట్ల మాడ్యూల్‌కి 200 గంటలు. క్లాసులు వారానికి రెండు మూడు గంటలే ఉండటం చూసి ఖాళీ ఎక్కువుందనిపిస్తుంది. స్టూడెంట్ వీసా మీద టర్మ్ టైమ్‌లో వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చు కాబట్టి ఆ ఖాళీ అటు పోతుంది. కానీ క్లాసు బయట మిగిలిన గంటలు రీడింగ్ లిస్ట్ కోసమే లెక్కకట్టి పెట్టినవి. ఫీజు, అద్దె కట్టుకోవాలి కాబట్టి పని మానేయమనడం అర్థం లేని సలహా. అయితే చివరి రెండు రాత్రుల్లో రాసిన వ్యాసం వివరణగానే మిగలడానికి కారణం చాలాసార్లు ఇదే. వివరణకి ఒక ఆర్టికల్ చదివితే సరిపోతుంది. విశ్లేషణకి ఒకరితో ఒకరు ఏకీభవించని నలుగురిని చదవాలి.

రూబ్రిక్ అనే పట్టిక కూడా బ్రీఫ్‌తోపాటే వస్తుంది. విశ్లేషణకి 40 శాతం, రిఫరెన్సింగ్‌కి 10 శాతం లాంటి వాటాలు అందులో కనబడతాయి. దిద్దేవాళ్లు ఆ పట్టికని పక్కన పెట్టుకునే దిద్దుతారు కాబట్టి, సమర్పించే ముందు రోజు అదే పట్టికతో సొంత వ్యాసాన్ని దిద్దుకోవడం మంచిది. టైటిల్ పేజీకి పూల బార్డర్ వేస్తే ఏ గడిలోనూ మార్కు లేదని అప్పుడు తెలుస్తుంది.

ఎవరి మాట, ఎవరి ఇంటిపేరు

టెక్స్ట్‌బుక్‌లోని వాక్యాన్ని పొల్లుపోకుండా దించితే మన పరీక్షల్లో పూర్తి మార్కులు. అదే పని అక్కడ మూలం చెప్పకుండా చేస్తే ప్లేజియరిజం, విచారణ దాకా వెళ్లొచ్చు. దొంగతనం చేయాలని చేసేవాళ్లు తక్కువ. ఒక ఆటలో గోల్ అయినది ఇంకో ఆటలో ఫౌల్ అవుతుందని తెలియక చేసేవాళ్లే ఎక్కువ. ఎవరి ఆలోచన అయినా, మన మాటల్లోకి మార్చి రాసినా సరే, వాళ్ల పేరు చెప్పాలి. టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ చూపించే శాతం గురించి కూడా అపోహ ఉంది. అది చూపించేది వేరేచోట ఉన్న పాఠ్యంతో పోలికని మాత్రమే. రిఫరెన్సుల జాబితా, కోట్ చేసిన వాక్యాలు, బ్రీఫ్‌లోని ప్రశ్న కూడా అందులో కలవొచ్చు. 18 శాతం వచ్చినా తప్పు లేకపోవచ్చు. 6 శాతమే వచ్చినా, ఆ ఆరూ ఒకే పేరాలో ఉంటే చిక్కే.

రిఫరెన్సులు రాసే హార్వర్డ్ పద్ధతిలో రచయిత ఇంటిపేరు, సంవత్సరం ఇస్తారు. ఇక్కడ తెలుగు పేర్లు తమాషా చేస్తాయి. రిజర్వ్ బ్యాంక్ మాజీ గవర్నర్ వై.వి. రెడ్డి పూర్తి పేరు యాగా వేణుగోపాల్ రెడ్డి. మన లెక్కన ఇంటిపేరు 'యాగా'. రిఫరెన్స్ జాబితాలో మాత్రం ఆయన 'రెడ్డి' కిందే దొరుకుతారు. ఇదే జాబితాలో ఇంకో ఇద్దరు రెడ్లు ఉంటే ఇనిషియల్స్, సంవత్సరాలే దిక్కు. పుస్తకం మీదో జర్నల్‌లోనో ఆ రచయిత పేరు ఎలా అచ్చయి ఉందో చూసి దాన్నే పాటించడం నయం.

ఏఐ విషయంలో నియమాలు యూనివర్సిటీకి ఒకటి, ఒక్కోసారి మాడ్యూల్‌కి ఒకటి. కొన్నిచోట్ల అసలు వాడకూడదు, కొన్నిచోట్ల భాష దిద్దుకోవడానికి వాడి ఆ సంగతి రాసివ్వాలి. ఈ ముక్క కూడా బ్రీఫ్‌లోనే ఉంటుంది. చాట్‌బాట్ లేని ఆర్టికల్‌కి కూడా రచయితని, పేజీ నెంబర్‌ని సృష్టించి ఇవ్వగలదు. అలాంటి రిఫరెన్స్ ఒక్కటి దొరికినా మిగతా వ్యాసాన్ని ఎవరూ నమ్మరు. డబ్బులు తీసుకుని రాసిపెడతామని వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ఆఫర్ల సంగతి సరేసరి. ఇంగ్లండ్‌లో 2022 నాటి చట్టం ప్రకారం అలాంటి సేవ అమ్మడం, ప్రకటన ఇవ్వడం నేరం. ఆస్ట్రేలియా 2020లోనే ఇలాంటి చట్టం తెచ్చింది. చట్టం పట్టుకునేది అమ్మేవాళ్లని. కొన్నవాళ్లని యూనివర్సిటీ చూసుకుంటుంది.

బ్రీఫ్ ఎంత చదివినా అర్థం కాకపోతే లెక్చరర్‌ని అడగొచ్చు. అందుకే ఆఫీస్ అవర్స్ పెడతారు. సార్‌ని అడిగితే ఏమనుకుంటారో అన్న బెరుకుతో మనవాళ్లు సీనియర్లని అడుగుతారు, సీనియర్లు పోయినేడాది బ్రీఫ్ ప్రకారం చెబుతారు. పూర్తి డ్రాఫ్ట్ చదివి పెట్టమంటే చాలామంది లెక్చరర్లు కుదరదంటారు గానీ, ఒక పేజీ అవుట్‌లైన్ చూడమంటే కాదనరు. అయితే 'ఈ అసైన్‌మెంట్ ఎలా రాయాలి?' అని మెయిల్ పెడితే హ్యాండ్‌బుక్ చూడమని ఒక లైను జవాబు వస్తుంది. 'పేదరికాన్ని ఇంటి ఖర్చుతో కొలుద్దామనుకుంటున్నాను, ఇండియాని తీసుకుంటున్నాను, హైదరాబాద్ అధ్యయనాన్ని 2010 సంక్షోభంతో పక్కపక్కన పెడుతున్నాను. దేశం మొత్తానికి బదులు ఒక్క రాష్ట్రానికే పరిమితమైతే ప్రశ్నకి సరిపోతుందా?' అని పెడితే అవుననో కాదనో, ఎందుకో కూడా తెలుస్తుంది. ఈ మెయిల్ రాయగలిగిన విద్యార్థికి పరిచయం పేరా సగం రాయడం అయిపోయినట్టే.